ఫార్మసీ పట్టము: పాత కళాశాలయా, క్రొత్త కళాశాలయా?

ఇంటర్మీడియట్ పరీక్షల ఫలితములు వెలువడిన పిదప రెండు మూడు మాసములు గ్రామములందలి తలిదండ్రులకు విచారముతో కూడిన దినములు. ఎకరము పొలము కొనవలసివచ్చినచో హద్దులు, దస్తావేజులు, నీటి వసతి అన్నియు విచారించి గాని బయానా ఇయ్యని రైతు సైతము, పిల్లల చదువు విషయమున ఇరుగుపొరుగు వారి మాటను, కళాశాలల ప్రకటన పత్రములను నమ్మి ఒక్క దినములో నిర్ణయము చేయుచున్నాడు. ఫార్మసీ పట్టము విషయమున ఇట్టి తొందర మిక్కిలి నష్టమును తెచ్చిపెట్టగలదు.

ఏలయనగా ఈ పట్టమునకును, బి.ఏ., బి.కామ్. వంటి పట్టములకును ఒక ముఖ్యమైన భేదము కలదు. బి.ఏ. ఉత్తీర్ణుడైనవాని చదువు పట్టముతో పూర్తియగును. మందుల దుకాణములో గాని, ఆసుపత్రిలో గాని మందులిచ్చు వృత్తి చేయదలచిన ఫార్మసీ పట్టభద్రునకు మరియొక మెట్టు కలదు. అతని పేరు రాష్ట్ర ఫార్మసీ కౌన్సిలు రిజిస్టరులో నమోదు కావలెను. అట్లు నమోదైన నాడే అతడు చట్టరీత్యా ఫార్మసిస్టు. ఆ నమోదు జరుగుట, జరుగకపోవుట అతని మార్కులపై మాత్రమే గాక, అతడు చదివిన కళాశాలకు గల గుర్తింపుపై కూడ ఆధారపడియుండును. క్రొత్త కళాశాలయా, పాత కళాశాలయా అను ప్రశ్నకు మూలము ఇచ్చటనే కలదు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

మన దేశమున ఫార్మసీ విద్యను, వృత్తిని క్రమపరచుటకు 1948లో ఫార్మసీ చట్టము చేయబడినది. ఆ చట్టము క్రింద ఏర్పడిన కేంద్ర సంస్థ ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. ఎన్ని సంవత్సరములు చదువవలెను, ఏ విషయములు బోధింపవలెను, ప్రయోగశాలలు ఎట్లుండవలెను, ఉపాధ్యాయులకు ఏ యోగ్యతలుండవలెను అను నియమములను ఈ కేంద్ర కౌన్సిలు నిర్ణయించును. రిజిస్టరును నిర్వహించునవి రాష్ట్ర కౌన్సిళ్లు. నమోదు లేనివారు వైద్యుని చీటిపై మందులు తయారుచేసి ఇచ్చుట ఈ చట్టము 42వ సెక్షను ప్రకారము శిక్షార్హమైన నేరము.

ఫార్మసీ పట్టముతో ఇతర మార్గములు కూడ తెరచుకొనును. 1945 నాటి ఔషధ నిబంధనల ప్రకారము, ఫార్మసీ పట్టభద్రుడు మందుల తయారీలో 18 మాసముల అనుభవము గడించినచో, మందుల కర్మాగారమున తయారీని పర్యవేక్షించు సాంకేతిక నిపుణుడుగా ఆమోదము పొందుటకు అర్హుడు. డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగమునకును ఈ పట్టము అర్హతగా నున్నది. హైదరాబాదు పరిసరములందలి జీడిమెట్ల, పాశమైలారము, విశాఖపట్టణము చెంత పరవాడలోని ఫార్మా సిటీ మున్నగు చోట్ల మందుల కర్మాగారములు విస్తరించియుండుటచే, తెలుగు విద్యార్థులకు ఈ చదువు ఇంటికి దూరము కాని బ్రతుకుతెరువును చూపగలదు. అయితే ఈ మార్గములన్నిటికిని మొదటి ద్వారము గుర్తింపు గల పట్టమే.

ఏ చదువు ఎన్నేండ్లు?

పాత, క్రొత్త అను విచారమునకు ముందు ఏ చదువు కావలెనో తేల్చుకొనవలెను.

డి.ఫార్మసీ రెండేండ్ల డిప్లొమా. దానిపై 500 గంటల ప్రాయోగిక శిక్షణ కలదు. మందుల దుకాణము నడుపుటయే ఉద్దేశమైనచో ఈ డిప్లొమాతోనే రిజిస్టరులో నమోదు కావచ్చును. కాని డిప్లొమా వారు నమోదుకు ముందు వ్రాయవలసిన నిష్క్రమణ పరీక్షకు సంబంధించిన నిబంధనలు 2022లో వెలువడినవి. ఆ సంగతి తెలిసికొని చేరవలెను.

బి.ఫార్మసీ నాలుగేండ్ల పట్టము. ఎనిమిది సెమిస్టరులు. ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి. చదివినవారును, బై.పి.సి. చదివినవారును దీనిలో చేరవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను ఈఏపీసెట్ అను ప్రవేశ పరీక్ష ద్వారా కన్వీనరు కోటా స్థానములు కేటాయింపబడుచున్నవి. డి.ఫార్మసీ పూర్తిచేసినవారు నేరుగా రెండవ సంవత్సరమున చేరుటకు కూడ అవకాశము కలదు.

ఫార్మ్.డి. ఆరేండ్ల చదువు. ఐదేండ్లు తరగతులు, ఒక యేడు ఆసుపత్రిలో శిక్షణ. దీనికి సంబంధించిన నిబంధనలు 2008లో వచ్చినవి. బి.ఫార్మసీ చదివినవారు మూడేండ్లలో ఇదే పట్టము పొందుటకు వేరొక మార్గము కూడ ఆ నిబంధనలలోనే కలదు.

ఫార్మ్.డి. విషయమున ఒక భ్రమ గ్రామములలో వ్యాపించియున్నది. ఇది వైద్య విద్యకు సమానమని, చదివినవాడు డాక్టరై వైద్యము చేయవచ్చునని కొందరు చెప్పుచుందురు. ఇది సరికాదు. ఫార్మ్.డి. చదివినవాడు మందులలో నిపుణుడు. రోగికి ఇచ్చిన మందుల మోతాదు సరిగానున్నదా, ఒక మందు మరియొక మందుతో వికటించుచున్నదా అని పరిశీలించి వైద్యునికి తోడ్పడును. రోగ నిర్ణయము చేసి చికిత్స చేయు అధికారము ఈ పట్టమువలన రాదు. ఆరేండ్ల వ్యయమును భరించుటకు ముందు ఈ సంగతి స్పష్టముగా తెలిసియుండవలెను.

పాతవి ఎట్లు వచ్చినవి? క్రొత్తవి ఎట్లు పెరిగినవి?

భారతదేశమున విశ్వవిద్యాలయ స్థాయిలో ఫార్మసీ విద్య కాశీ హిందూ విశ్వవిద్యాలయమున 1932లో మొదలైనది. దానికి పునాది వేసిన ఆచార్యుడు మహాదేవ లాల్ ష్రాఫ్. 1937లో అచ్చట బి.ఫార్మసీ పట్టము ప్రవేశపెట్టబడినది. తెలుగు నేలపై వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1951లో ఫార్మసీ శాఖ ఏర్పడినది. వరంగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయము కూడ ఈ విద్యలో చిరకాలముగా పేరుపొందినది. ఆ దినములలో ఈ చదువు చెప్పు విద్యాలయములను వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

తరువాత విశ్వవిద్యాలయములకు అనుబంధముగా ప్రైవేటు కళాశాలలు వందల సంఖ్యలో వెలసినవి. కళాశాలలు మితిమీరినవని తలచి, కేంద్ర కౌన్సిలు 2019లో ఒక తీర్మానము చేసి, 2020-21 విద్యా సంవత్సరము మొదలు ఐదేండ్లపాటు క్రొత్త కళాశాలలకు అనుమతి నిలిపివేసినది. కొన్ని విద్యాసంస్థలు న్యాయస్థానములకు వెళ్లినవి. కళాశాల స్థాపించు హక్కును కేవలము తీర్మానముతో అడ్డగించుట చెల్లదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అటుపిమ్మట క్రొత్త కళాశాలలకు ద్వారములు మరల తెరువబడినవి. ఇటీవలి కాలమున జిల్లాలలో క్రొత్త ఫార్మసీ కళాశాలల ప్రకటన పత్రములు హెచ్చుగా కనబడుటకు ఇది యొక ముఖ్య కారణము.

ప్రైవేటు విశ్వవిద్యాలయముల విషయము వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నాటి చట్టము, తెలంగాణలో 2018 నాటి చట్టము వీటికి ఆధారములు. విశ్వవిద్యాలయమునకు పట్టమిచ్చు అధికారము ఉన్నంతమాత్రమున ఫార్మసీ చదువునకు గుర్తింపు ఉన్నట్లు కాదు. ఫార్మసీ విద్యకు ఫార్మసీ చట్టమే ప్రధానమని 2020 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. కావున కళాశాల ఎవరిదైనను, విశ్వవిద్యాలయము ఎంత పెద్దదైనను, కేంద్ర కౌన్సిలు ఆమోదము వేరుగా ఉండి తీరవలెను.

ఆమోదమునకు రెండు మెట్లు

ఈ వ్యాసములో పాఠకులు అన్నిటికంటె జాగ్రత్తగా గ్రహింపవలసిన భాగమిది.

ఫార్మసీ చట్టము 12వ సెక్షనులో రెండు ఆమోదములు చెప్పబడినవి. మొదటిది చదువునకు ఆమోదము. పాఠ్యక్రమము నియమములకు అనుగుణముగా నున్నదని కేంద్ర కౌన్సిలు తృప్తిచెందినచో దీనినిచ్చును. రెండవది పరీక్షకు ఆమోదము. ఆమోదింపబడిన పరీక్షలో ఉత్తీర్ణుడైనవాడే రిజిస్టరులో నమోదుకు అర్హుడు.

క్రొత్త కళాశాల తెరచిననాడు దానికి లభించునది చదువు నడుపుటకు అనుమతి మాత్రమే. ఆ అనుమతిలో ఏ విద్యా సంవత్సరము వరకు, ఎంతమందిని చేర్చుకొనవచ్చునో పేర్కొనబడియుండును. తొలి జట్టు విద్యార్థులు చివరి సంవత్సరమునకు వచ్చునప్పటికి మరల తనిఖీ జరిగి, నమోదుకు పనికివచ్చు రెండవ ఆమోదము విచారణకు వచ్చును. 2025లో తెరచిన కళాశాలలో తొలి జట్టుగా చేరిన విద్యార్థి 2029లో పరీక్ష వ్రాయుననుకొందము. అతడు చేరిననాటికి ఆ రెండవ ఆమోదము ఇంకను రాలేదు, రాజాలదు కూడ. నడుమ నాలుగేండ్లలో యాజమాన్యము ఉపాధ్యాయులను నియమించి, ప్రయోగశాలలు పూర్తిచేసినచో ఆమోదము వచ్చును. అట్లు చేయనిచో చదువు పూర్తియైన విద్యార్థి పట్టము చేతబట్టుకొని రాష్ట్ర కౌన్సిలు కార్యాలయము మెట్లు ఎక్కి దిగవలసివచ్చును.

తొలి జట్టు విద్యార్థి మోయు బరువు ఇదియే. దీనినిబట్టి క్రొత్త కళాశాలలన్నియు చెడ్డవని తలపరాదు. నేటి పాత కళాశాలలన్నియు ఒకనాడు క్రొత్తవే. వాటిలోను తొలి జట్టు ఒకటి చదివి వృత్తిలో స్థిరపడినది. అయితే క్రొత్తచోట చేరువారు ఈ బరువును తెలిసి మోయవలెను గాని తెలియక కాదు.

పాత పేరు ఒక్కటే చాలునా?

చాలదు. అనుమతులకు కాలపరిమితి యుండును. నియమములు తప్పిన సంస్థకు ఇచ్చిన ఆమోదమును ఉపసంహరించుకొను అధికారము 13వ సెక్షను క్రింద కేంద్ర కౌన్సిలుకు కలదు. ముప్పదియేండ్ల క్రింద మంచి పేరు తెచ్చిన ఆచార్యులు విశ్రాంతి తీసికొని, వారి స్థానములు ఖాళీగా నున్న కళాశాలలో పేరు మాత్రమే మిగిలియుండును. పరికరములు పాతబడి మూలబడియుండవచ్చును.

మరియొక సూక్ష్మము కలదు. విశ్వవిద్యాలయము స్వయముగా నడుపు కళాశాల వేరు, దానికి అనుబంధమైన ప్రైవేటు కళాశాల వేరు. పట్టముపై విశ్వవిద్యాలయము పేరు ఒకటే యుండును. కాని చదువు చెప్పునది కళాశాల. అట్లే పాత కళాశాలలో క్రొత్తగా తెరచిన చదువు కూడ క్రొత్తదే. ఇరువదియేండ్లుగా బి.ఫార్మసీ చెప్పుచున్న కళాశాల ఈ యేడు ఫార్మ్.డి. ప్రారంభించినచో, ఫార్మ్.డి.కి రెండు మెట్లును మొదటినుండి ఎక్కవలెను. బి.ఫార్మసీకి గల ఆమోదము ఫార్మ్.డి.కి అక్కరకు రాదు.

ఫార్మ్.డి.కి ఆసుపత్రియే ప్రాణము

ఫార్మ్.డి. చదువు సగము గోడల నడుమ, సగము రోగుల మంచముల ప్రక్కన. అందుచేతనే కనీసము 300 పడకలు గల ఆసుపత్రి ఉండవలెనని నియమము. కళాశాలకు స్వంత ఆసుపత్రి లేనిచో మరియొక ఆసుపత్రితో ఒడంబడిక చేసికొనవలెను. ఈ చదువునకు 30 మందిని, బి.ఫార్మసీ తరువాత చేరు మూడేండ్ల మార్గమునకు 10 మందిని మాత్రమే చేర్చుకొనవలెనని కూడ ఆ నిబంధనలలో కలదు.

తలిదండ్రులు ఆ ఆసుపత్రి పేరు అడిగి, వీలైనచో స్వయముగా వెళ్లి చూడవలెను. కళాశాలకు ఎంత దూరము? రోజూ విద్యార్థులు వార్డులకు వచ్చుచున్నారా? అచ్చట ఫార్మసీ శాఖకు గది యున్నదా? నర్సులను, ఉద్యోగులను అడిగినచో నిజము తెలియును. కాగితముపై ఒడంబడిక యుండి విద్యార్థులు వార్డు ముఖము చూడనిచో ఆరేండ్లు వృథా.

అమెరికా వెళ్లవలెనను ఆశతో ఈ చదువును కోరువారును కలరు. 2003 తరువాత పట్టము పొందిన విదేశీయులు అచ్చటి ఫార్మసిస్టు అర్హతా పరీక్షకు కూర్చొనవలెనన్న కనీసము ఐదేండ్ల పాఠ్యక్రమము చదివియుండవలెను. నాలుగేండ్ల బి.ఫార్మసీ దీనికి చాలదు. ఫార్మ్.డి. చదివినను ఆ దేశపు పరీక్షలన్నియు వేరుగా ఉత్తీర్ణులు కావలసినదే.

ఒక ఉదాహరణము

ఒక రైతు కుమార్తెకు ప్రవేశ పరీక్షలో రెండు అవకాశములు వచ్చినవనుకొందము. మొదటిది 250 కిలోమీటర్ల దూరమున విశ్వవిద్యాలయ కళాశాల. హాస్టలులో ఉండవలెను. రెండవది 15 కిలోమీటర్ల దూరమున రెండేండ్ల క్రిందట తెరచిన కళాశాల. ఇంటినుండి బస్సులో వెళ్లి రావచ్చును. తల్లికి దగ్గరిది ఇష్టము. కుమార్తెకు దూరముననున్నది ఇష్టము. తండ్రి ఎట్లు నిర్ణయింపవలెను?

మొదట కాగితములు చూడవలెను. రెండు కళాశాలలకును ఈ సంవత్సరపు అనుమతి యున్నదా అని కేంద్ర కౌన్సిలు అంతర్జాల పుటలోని జాబితాలో వెదకవలెను. దగ్గరి కళాశాలకు ఈ యేటి అనుమతి కనబడనిచో విచారము అక్కడితో ముగియును. ఎంత దగ్గరైనను, రుసుము ఎంత తగ్గించినను చేర్పరాదు.

అనుమతి యున్నచో ఉపాధ్యాయులను చూడవలెను. 2014 నాటి నియమముల ప్రకారము తరగతిలో 60 మందికి ఒక ఉపాధ్యాయుడు, ప్రయోగశాలలో 20 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండవలెను. రెండేండ్ల కళాశాలలో మూడవ, నాలుగవ సంవత్సరపు ప్రయోగశాలలు ఇంకను పూర్తికాకపోవుట సహజము. కాని వాటికి గదులు కట్టబడినవా, పరికరములు తెప్పించుచున్నారా, మొదటి రెండేండ్ల ఉపాధ్యాయులు నిలకడగా నున్నారా అనునవి యాజమాన్యపు ఉద్దేశమును తెలుపును. యేడాదిలో ముగ్గురు ప్రిన్సిపాళ్లు మారినచోట పిల్లను చేర్చుటకు వెనుదీయవలెను.

పిదప వ్యయము. దూరముననున్న కళాశాలకు రుసుము తక్కువైనను హాస్టలు, భోజనము, ప్రయాణము కలుపవలెను. కన్వీనరు కోటాలో చేరిన అర్హులకు ప్రభుత్వపు రుసుము సహాయము వర్తించునా, యాజమాన్య కోటాలో చేరినచో ఎంత నష్టపోవుదుము అను లెక్క నాలుగేండ్లకు వేయవలెను గాని ఒక్క యేటికి కాదు.

కాగితములు సరిగానుండి, ఉపాధ్యాయులు సమానముగా నున్నచో దగ్గరిది, వ్యయము తక్కువైనది మేలు. ఉపాధ్యాయుల విషయమున తేడా యున్నచో దూరమునకు వెరవక మంచి బోధన గలచోటికి పంపుటయే మేలు. ఆడపిల్ల యనెడి ఒక్క కారణముచే దగ్గరి కళాశాలను ఎన్నుకొని, ఆమె వృత్తి హక్కును సందేహమున పడవేయుట న్యాయము కాదు.

చేరుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు

ఈ ప్రశ్నలను ఒక కాగితముపై వ్రాసికొని కళాశాలకు వెళ్లవలెను. పనిదినమున, ప్రయోగశాలలు నడుచు వేళ వెళ్లుట మంచిది.

1. ఈ చదువునకు ఈ విద్యా సంవత్సరమున కేంద్ర కౌన్సిలు అనుమతి యున్నదా? ఎంతమందికి? ఉత్తరువు ప్రతిని చూపుదురా?

2. 12వ సెక్షను క్రింద పరీక్షకు ఆమోదము వచ్చినదా? రానిచో తొలి జట్టు ఏ సంవత్సరమున చదువు ముగించును?

3. ఇచ్చట చదివినవారు రాష్ట్ర కౌన్సిలులో నమోదైనారా? అట్టివారిలో ఒకరిద్దరితో మాటలాడవచ్చునా?

4. పట్టమునిచ్చు విశ్వవిద్యాలయము ఏది? కళాశాల దాని స్వంతమా, అనుబంధమా?

5. ఉపాధ్యాయులు ఎందరు? వారిలో ఎం.ఫార్మసీ, పిహెచ్.డి. గలవారెందరు? ఎన్నేండ్లుగా ఇచ్చట పనిచేయుచున్నారు?

6. ప్రయోగశాలలు, యంత్రశాల, ఔషధ మొక్కల తోట ఉన్నవా? తోటలోని మొక్కలను విద్యార్థులు గుర్తింపగలరా? నేలవేము, అశ్వగంధ, సర్పగంధ మన రైతులకు తెలిసిన మొక్కలే. ఒక మొక్కను చూపి విద్యార్థి నడిగినచో బోధన ఎట్లున్నదో తండ్రికే తెలియును.

7. ఆరవ సెమిస్టరు తరువాత కర్మాగారమున గాని, ఆసుపత్రిలో గాని జరుగవలసిన 150 గంటల శిక్షణకు విద్యార్థులను ఎచ్చటికి పంపుచున్నారు?

8. ఫార్మ్.డి. అయినచో ఆసుపత్రి ఏది? పడకలెన్ని?

9. ఎం.ఫార్మసీ ప్రవేశమునకు ఉపయోగపడు జీప్యాట్ పరీక్షలో ఈ కళాశాల విద్యార్థులు ఎందరు ఉత్తీర్ణులైనారు? హైదరాబాదులో 2007లో ప్రారంభమైన జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థ వంటిచోట్ల ఎవరైనను చేరినారా?

10. నాలుగేండ్లకు మొత్తము రుసుము ఎంత? ప్రవేశము, ప్రయోగశాల, పరీక్ష అను పేర్లతో వేరుగా వసూలు చేయునవి ఏవి?

సూటిగా సమాధానము చెప్పి, అడిగిన కాగితమును చూపిన కళాశాల క్రొత్తదైనను నమ్మదగినది. "ఆమోదము వచ్చేస్తుంది, మీకెందుకు భయము" అను మాటతో సరిపుచ్చిన కళాశాల ఎంత పాతదైనను అనుమానింపదగినది. చూచిన ఉత్తరువు ప్రతిని, చెల్లించిన రుసుము రసీదులను ఇంటియందు భద్రపరచుకొనవలెను. నాలుగేండ్ల తరువాత రిజిస్టరు నమోదుకు దరఖాస్తు చేయునాడు అవి పనికివచ్చును.

విద్యార్థి కూడ ఒక సంగతి మరువరాదు. బి.ఫార్మసీలో ప్రతి విషయమునందును 80 శాతము హాజరు తప్పనిసరి. మంచి కళాశాలలో చేరి తరగతులకు పోనివానికి కళాశాల ఆమోదము అక్కరకు రాదు. మందుల మోతాదులో ఒక్క దశాంశ బిందువు తప్పినను రోగి ప్రాణమునకు ముప్పు కలుగును. అందుచేతనే ఈ చదువును చట్టము ఇంత గట్టిగా కాపాడుచున్నది. గ్రామమునుండి వెళ్లిన యువకుడు గాని యువతి గాని రిజిస్టరులో పేరెక్కి తిరిగి వచ్చి మందులిచ్చు బల్ల వెనుక నిలుచున్ననాడు, పట్టణమునకు పరుగెత్తలేని వృద్ధులు ఏ మాత్ర ఎప్పుడు వేసికొనవలెనో తమ యూరి బిడ్డ నోటనే విందురు.